సర్వర్‌లో ఎస్ఎస్‌హెచ్ లేవట్లేదు, లీడ్‌కి ఇంకా చెప్పలేదు

బెంగళూరులో పనిచేస్తున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, ఆఫీసు పేరు బయట పెట్టొద్దంది. పెద్ద ఉత్తరం, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

సొంతూరు మదనపల్లె దగ్గర. బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటుంది. హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీలో చేరింది, ఇంకా ప్రొబేషన్ అయిపోలేదు. ఆఫీసులోనే ఒక గదిలో ర్యాక్‌లో ఉబుంటు 22.04 సర్వర్ ఉంది. దాన్ని మొదట్లో సెట్ చేసిన సీనియర్ ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఆ బాధ్యత వచ్చి ఈ అమ్మాయి మీద పడింది. క్లయింట్ పంపిన సెక్యూరిటీ చెక్‌లిస్ట్‌లో రెండు మార్పులు అడిగారు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవ్వనిచ్చే సర్వీస్) 22వ పోర్ట్ మీద, అంటే 22 నంబర్ తలుపు మీద కాకుండా 2222 మీద ఉండాలి, అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌తో నేరుగా లాగిన్ అవ్వనివ్వకూడదు. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, చివర్లో ఎస్ఎఫ్‌టీపీ (ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లు పంపుకునే పద్ధతి) యూజర్ల కోసం సీనియర్ రాసిపెట్టిన లైన్ల కింద ఈ రెండు లైన్లూ చేర్చి, సర్వీస్ రీస్టార్ట్ చేసింది. "జాబ్ ఫర్ ఎస్ఎస్‌హెచ్ డాట్ సర్వీస్ ఫెయిల్డ్" అని వచ్చింది.

అక్కడి నుంచి టెన్షన్ మొదలైంది. నెట్‌లో ఎవరో రాసింది చూసి ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ మొత్తానికి 777, అంటే ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు అనే పర్మిషన్ ఇచ్చేసింది. లేవలేదు. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేసింది. అయినా లేవలేదు. అప్పటికే లాగిన్ అయి ఉన్న తన సెషన్ కాసేపు పనిచేసింది కానీ, వైఫై ఒకసారి పోయి వచ్చేసరికి అదీ పోయింది. సర్వర్ మీద నడిచే వెబ్‌సైట్ మాత్రం బాగానే నడుస్తోంది, కాబట్టి ఆఫీసులో ఇంకా ఎవరికీ తెలియదు. "రీబూట్ చేసి, కరెంట్ పోయినప్పుడు ఏదో అయిందని చెప్పు" అని రూమ్మేట్ అంటోంది. "ఫార్మాట్ చేసి మళ్లీ వేసేయ్" అని ఇంకో ఫ్రెండ్. ఉత్తరం మధ్యలో ఎక్కడో, రాత్రిళ్లు ఇంకో మిషన్ దీంట్లోకి లాగిన్ అయి బ్యాకప్ తీసుకుంటుందని, నెలాఖరుకి క్లయింట్ వాళ్లు ఎస్ఎఫ్‌టీపీలో ఫైళ్లు పెడతారని కూడా రాసింది. చివర్లో ఇలా రాసింది: "అక్కా, ఫోన్ ఆపేసి మెజెస్టిక్‌లో బస్సెక్కి ఊరెళ్లిపోదామా అనిపిస్తోంది. నాన్న నా చదువుకు చేసిన అప్పు ఇంకా ఉంది. ఈ ఉద్యోగం పోతే ఇంట్లో ఏమని చెప్పను? దీన్ని ఎలా బాగుచేయాలి? లీడ్‌కి చెప్పాలా వద్దా?"

చెల్లీ, అక్కా అని రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే అంటాను. నీ సర్వర్ పాడవలేదు. డేటా ఎక్కడికీ పోలేదు. లాగిన్ అవ్వనిచ్చే సర్వీస్ ఒక్కటి ఆగి ఉంది, అంతే. నువ్వు చేసినవి వరసగా, దాచకుండా రాశావు చూడు, దాన్నిబట్టి కారణం దాదాపుగా కనిపిస్తోంది. ఈ పూట కాస్త అన్నం తిని ఇది చదువు.

నువ్వడిగినవి రెండు ప్రశ్నలు. రెండోదే నిన్ను ఎక్కువ నలిపేస్తోందని తెలుసు, కానీ లీడ్‌కి ఏం చెప్పాలో తెలియాలంటే ముందు ఏం జరిగిందో నీకు స్పష్టంగా తెలియాలి. అందుకే సర్వర్ సంగతితో మొదలుపెడతాను.

"జాబ్ ఫెయిల్డ్" అన్న ఆ లైన్ ఎస్ఎస్‌హెచ్ చెప్పింది కాదు, సర్వర్‌లో సర్వీసుల్ని లేపి ఆపే సిస్టమ్‌డీ చెప్పింది. లేవమంటే లేవలేదు, 255 అని ఎగ్జిట్ కోడ్ ఇచ్చి పోయింది, అంతవరకే దానికి తెలుసు. ఎందుకు లేవలేదో ఎస్ఎస్‌హెచ్‌డీ, అంటే సర్వర్ వైపు నడిచే ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్, తన లాగ్‌లో వేరేగా రాసే ఉంటుంది. నువ్వు అది చదవకుండానే మందులు వేసేశావు. నిన్ను తిట్టడానికి అనట్లేదమ్మా, ఆ గాభరాలో చాలామంది చేసేది అదే, నెట్‌లో దొరికే సలహాల్లో సగం కూడా అలాగే ఉంటాయి. ఇకమీదట మాత్రం ఎస్ఎస్‌హెచ్ లేవకపోతే నువ్వు కొట్టాల్సిన మొదటి కమాండ్ "సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ", చిన్న టీ. సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని. ఈ కమాండ్ సర్వీస్‌ని లేపదు, దేన్నీ మార్చదు, కాన్ఫిగ్ ఫైల్‌నీ కీలనీ చదివి తప్పు ఎక్కడుందో లైన్ నంబర్‌తో చెబుతుంది. ఏ తప్పూ లేకపోతే ఏమీ మాట్లాడకుండా ప్రాంప్ట్ తిరిగి వస్తుంది. దాని తర్వాత "సుడో జర్నల్‌సీటీఎల్ మైనస్ యూ ఎస్ఎస్‌హెచ్" కొట్టి, నువ్వు రీస్టార్ట్ చేసిన ఆ సాయంత్రం దగ్గరికి వెళ్లి, అక్కడ వచ్చిన మొట్టమొదటి ఎర్రర్ చూడు. చివరిది చూస్తే తప్పుదారి పడతావు. చాలాసార్లు ప్రయత్నించి ఉంటే "స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్‌లీ" అని కనిపించవచ్చు, అది జబ్బు కాదు, సిస్టమ్‌డీ విసుగెత్తి కాసేపు ఆపేసిందని అర్థం. "సిస్టమ్‌సీటీఎల్ రీసెట్ ఫెయిల్డ్" కొడితే ఆ లెక్క పోతుంది. రెడ్‌హ్యాట్ రకం సిస్టమ్‌లలో ఈ సర్వీస్ పేరు ఎస్ఎస్‌హెచ్‌డీ, నీ ఉబుంటులో చివర డీ లేకుండా ఎస్ఎస్‌హెచ్.

ఇక అసలు కారణం. సీనియర్ రాసిన ఎస్ఎఫ్‌టీపీ లైన్ల కింద చేర్చానని రాశావు. ఆ లైన్లు దాదాపు ఖాయంగా "మ్యాచ్ గ్రూప్" అనో "మ్యాచ్ యూజర్" అనో మొదలై ఉంటాయి. మ్యాచ్ ఒకసారి మొదలైతే, ఇంకో మ్యాచ్ వచ్చే వరకో ఫైల్ అయిపోయే వరకో, దాని కింద ఉన్న ప్రతి లైనూ ఆ గుంపుకే చెందుతుంది. మధ్యలో ఖాళీ లైన్ వదిలినా, లైన్ ముందు స్పేస్ తీసేసినా బయటికి వచ్చినట్టు కాదు. నువ్వు రాసిన పోర్ట్ లైన్ అలా మ్యాచ్ లోపల పడింది. వచ్చింది ఏ యూజరో తెలిసేది కనెక్షన్ వచ్చాకే, అప్పటికి పోర్ట్ ఎంచుకోవడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది, కాబట్టి పోర్ట్‌ని మ్యాచ్ లోపల రాయనివ్వరు. "డైరెక్టివ్ పోర్ట్ ఈజ్ నాట్ అలౌడ్ విదిన్ ఎ మ్యాచ్ బ్లాక్" అని లైన్ నంబర్‌తో సహా చెప్పి ఎస్ఎస్‌హెచ్‌డీ ఆగిపోతుంది. నీ లాగ్‌లో మొదటి ఎర్రర్ ఇదేనని నా నమ్మకం.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి చెప్పాలనే ముఖ్యంగా కూర్చున్నాను. నీ రెండో లైన్, పర్మిట్‌రూట్‌లాగిన్ నో, దాన్ని మ్యాచ్ లోపల రాయడానికి అనుమతి ఉంది. అంటే ఎవరైనా వచ్చి "ఆ పోర్ట్ లైన్ తీసేయ్, సరిపోతుంది" అంటే, నువ్వు తీసేస్తే, సర్వీస్ హాయిగా లేస్తుంది. ఎర్రర్ ఏమీ ఉండదు. కానీ ఆ నో అన్నది ఎస్ఎఫ్‌టీపీ గుంపుకి మాత్రమే వర్తించి, రూట్‌కి పాత పద్ధతే నడుస్తూ ఉంటుంది. నువ్వు చెక్‌లిస్ట్‌లో టిక్ పెడతావు, ఆడిట్‌కి వచ్చినవాళ్లు అది పనిచేయట్లేదని పట్టుకుంటారు. సర్వీస్ ఆగిపోవడం కన్నా నాకు ఇదే ఎక్కువ భయం. అందుకని రెండు లైన్లనీ మ్యాచ్ పైకి తీసుకెళ్లు. ఫైల్‌లో ముందే పర్మిట్‌రూట్‌లాగిన్ అని ఇంకో లైన్ ఉంటే, కామెంట్ చేయకుండా ఉంటే, దాన్నే మార్చు. పోర్ట్ లాంటి ఒకటి రెండు తప్ప, ఒకే సెట్టింగ్ రెండుసార్లు కనిపిస్తే ఎస్ఎస్‌హెచ్‌డీ మొదట చూసినదాన్నే పట్టుకుంటుంది, తర్వాతది పట్టించుకోదు. ఉబుంటులో మెయిన్ ఫైల్ పైభాగంలోనే ఇంక్లూడ్ లైన్ ఉంటుంది, ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ ముందు చదువుతుంది, కాబట్టి అక్కడ ఏమైనా రాసి ఉంటే నువ్వు కింద ఎన్ని రాసినా వృథా. అదీ ఒకసారి తెరిచి చూడు. అన్నీ అయ్యాక "సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ", ఈసారి పెద్ద టీ, కొడితే చివరికి అమల్లో ఉన్న సెట్టింగులన్నీ వరసగా చూపిస్తుంది. పోర్ట్, పర్మిట్‌రూట్‌లాగిన్ రెండూ అందులో నువ్వనుకున్నట్టు ఉంటేనే టిక్ పెట్టు.

మొదటి తప్పు దిద్దగానే రెండోది బయటపడుతుంది, సిద్ధంగా ఉండు. ఎస్ఎస్‌హెచ్‌డీ ముందు కాన్ఫిగ్ చదువుతుంది, అది బాగుంటేనే హోస్ట్ కీల దగ్గరికి వెళ్తుంది. ఇప్పటిదాకా కాన్ఫిగ్ దగ్గరే ఆగిపోతోంది కాబట్టి 777 వల్ల వచ్చిన సమస్య నీకు కనపడి ఉండదు. మ్యాచ్ సంగతి సరిచేశాక "పర్మిషన్స్ 0777 ఆర్ టూ ఓపెన్" అని, ఆ తర్వాత "నో హోస్ట్‌కీస్ అవైలబుల్, ఎగ్జిటింగ్" అని వస్తుంది. అది చూసి, అయ్యో నేను మార్చిందే తప్పేమో అని మళ్లీ వెనక్కి మార్చేయకు. మెసేజ్ మారిందంటే ఒక అడుగు ముందుకు పడ్డట్టే. ఒకటి మార్చడం, చిన్న టీతో చూడటం, ఇంకొకటి మార్చడం, మళ్లీ చూడటం. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

హోస్ట్ కీ అంటే సర్వర్ తానెవరో రుజువు చేసుకునే రహస్యం. దానికి 777 ఇవ్వడమంటే ఇంటి తాళంచెవిని గుమ్మానికే వేలాడదీయడం, అందుకే ఎస్ఎస్‌హెచ్‌డీ ఆ కీని వాడనంటుంది. ఈ ప్రోగ్రామ్ పుట్టిందే అలాంటి భయంలోంచి. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలిస్తే, అక్కడి తాతు యులోనెన్ మొదటి ఎస్ఎస్‌హెచ్ రాశాడు. మనం వాడుతున్న ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌ని 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు బయటికి తెచ్చారు. అనుమానం వస్తే ఆగిపోవడమే దాని స్వభావం, ఆ మొండితనం మన మంచికే. నువ్వు చేయాల్సింది ఇది: ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 755, హోస్ట్ కీ ఫైళ్లకి 600, పబ్ అని ముగిసే పబ్లిక్ కీలకి 644, కాన్ఫిగ్ ఫైళ్లకి 644, లోపల ఉండే కాన్ఫిగ్ డాట్ డీ ఫోల్డర్లకి మళ్లీ 755. అన్నిటికీ ఓనర్ రూట్. ప్యాకేజీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఎందుకు బాగుపడలేదో కూడా ఇప్పుడు అర్థమై ఉంటుంది. నీ కాన్ఫిగ్‌ని, ఉన్న కీలని అది గౌరవించి అలాగే వదిలేస్తుంది, లేని కీలని మాత్రమే కొత్తగా తయారుచేస్తుంది.

మూడో మెసేజ్ ఒకటి రావచ్చు. "మిస్సింగ్ ప్రివిలేజ్ సెపరేషన్ డైరెక్టరీ" అని, రన్ కింద ఎస్ఎస్‌హెచ్‌డీ ఫోల్డర్ లేదని. ఇది చూసి బెదరకు. ఆ ఫోల్డర్‌ని సర్వీస్ లేపేటప్పుడు సిస్టమ్‌డీయే తయారుచేస్తుంది, సర్వీస్ ఆగి ఉన్నప్పుడు చేత్తో చిన్న టీ కొడితే అది లేకపోవడం సహజం. కాన్ఫిగ్, కీలు రెండూ సరైపోయి ఇదొక్కటే మిగిలిందంటే ధైర్యంగా "సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ ఎస్ఎస్‌హెచ్" కొట్టేయ్.

ఇదంతా చేయాలంటే లోపలికి వెళ్లాలి కదా. బయటి నుంచి దారి లేదు కాబట్టి ర్యాక్ గదిలోకి వెళ్లి, మానిటర్, కీబోర్డ్ తగిలించి అక్కడే లాగిన్ అవ్వాలి. ఎస్ఎస్‌హెచ్ కీతో మాత్రమే లాగిన్ అయ్యేదానివైతే నీ యూజర్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకో, అక్కడ కీ పనిచేయదు. ఇదే సమస్య క్లౌడ్ సర్వర్‌కి వచ్చినవాళ్లయితే ఆ క్లౌడ్ ఇచ్చే సీరియల్ కన్సోల్ వాడొచ్చు, అదీ కుదరకపోతే ఆ డిస్క్‌ని విడదీసి ఇంకో మిషన్‌కి తగిలించి ఫైల్ సరిచేయొచ్చు. నీకు ఆ అవస్థ లేదు. నాలుగడుగుల దూరంలో ఉంది నీ సర్వర్. తాళం మాత్రం నీ దగ్గర లేదు, అడగాలి, అడిగితే ఎందుకని అంటారు. నువ్వు ఆగిపోయింది అక్కడేనని నాకు అర్థమైంది.

లీడ్ సంగతికొద్దాం. ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. రాత్రి బ్యాకప్ తీసుకునే మిషన్ ఈ సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారానే వస్తుంటే, ఆ సాయంత్రం నుంచి బ్యాకప్ జరగట్లేదు. వెబ్‌సైట్ నడుస్తోంది కాబట్టి ఎవరికీ తెలియలేదు అనుకుంటున్నావు, కానీ ఈ రోజుల్లో డిస్క్ పోతేనో, ఎవరైనా పొరపాటున ఏదైనా డిలీట్ చేస్తేనో తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ లేదు. లీడ్‌కి ఈ విషయం తెలిస్తే వేరే దారిలో ఒక కాపీ తీయించగలడు. తెలియదు కాబట్టి తీయించట్లేదు. నువ్వు చెప్పకుండా ఉన్న ప్రతి రాత్రీ కంపెనీకి తెలియకుండా ఒక రిస్క్ పెరుగుతోంది. కాన్ఫిగ్‌లో లైన్ తప్పు చోట పడటం చాలా చిన్న విషయం. దీన్ని మాత్రం నేను చిన్నదనలేను.

నీ ముందున్న దారులు చూద్దాం. ఏదో వంకతో తాళం తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బాగుచేసి ఊరుకోవచ్చు. పని సాఫీగా జరిగితే ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. కానీ బ్యాకప్ మిషన్ లాగ్‌లో ఆ రాత్రుల ఫెయిల్యూర్లు ఉంటాయి, సుడోతో నువ్వు కొట్టిన ప్రతి కమాండూ నీ యూజర్ పేరుతో టైమ్‌తో సహా సర్వర్ ఆథ్ లాగ్‌లో ఉంటుంది. ఎప్పుడో నెల తర్వాత ఎవరైనా ఫలానా తేదీ బ్యాకప్ అడిగితే అది అక్కడ దొరుకుతుంది, అప్పుడు నీ తరఫున చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. రూమ్మేట్ చెప్పినట్టు కరెంట్ మీద తోసేయడం కూడా ఈ కారణంగానే నిలబడదు. ఆ అమ్మాయి నీ మంచికోరే చెప్పింది, కానీ ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇంకో అబద్ధం కావాలి, దానికి నీలో ఓపిక లేదని నీ ఉత్తరమే చెబుతోంది.

ముందు బాగుచేసి, తర్వాత చెప్పడం ఇంకో దారి. చాలామందికి ఇది నచ్చుతుంది, సమస్యతో పాటు పరిష్కారం కూడా చేతిలో పెట్టుకుని వెళ్లొచ్చని. దాన్ని నేను తప్పనను. ఒక్క ఇబ్బంది ఏంటంటే, మధ్యలో నేను ఊహించనిది ఏదైనా ఎదురైతే ర్యాక్ గదిలో ఒంటరిగా ఇరుక్కుపోతావు, అప్పుడు ఫోన్ చేసి చెప్పడం ఇప్పటికన్నా కష్టం. చెప్పి, తర్వాత బాగుచేయడం మూడోది. ఒక గంట చాలా ఇబ్బందిగా ఉంటుంది. మాట పడొచ్చు. బదులుగా తాళం దర్జాగా వస్తుంది, బ్యాకప్ సంగతి ఆ రోజే ఎవరో ఒకరు చూస్తారు, కింద నేను చెప్పబోయే ఒకటి రెండు నిర్ణయాల బరువు నీ ఒక్కదాని మీద పడదు. నన్నడిగితే మూడోదే. కానీ నీ లీడ్ నలుగురి ముందు అరిచే మనిషైతే ముందు రాతలో పంపు, పంపాక వెళ్లి మాట్లాడు.

ఉద్యోగం పోదని నేను మాట ఇవ్వలేను, నీ లీడ్‌ని నేను చూడలేదు. సర్వర్లు చూసుకునేవాళ్ల మధ్య ఇన్నేళ్లుగా ఉన్నదాన్ని కాబట్టి ఇంత మాత్రం చెప్పగలను: కాన్ఫిగ్ మార్చేటప్పుడు సర్వీస్ పడిపోవడం ఈ వృత్తిలో ప్రతివాళ్లకీ ఎదురయ్యేదే, కొత్తగా చేరినవాళ్ల నుంచి లీడ్‌లు దాన్ని ఊహిస్తారు. ఎవరూ పక్కన లేకుండా, రాసిపెట్టిన పద్ధతేదీ లేకుండా, నడుస్తున్న సర్వర్‌ని ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి అప్పజెప్పడంలో వాళ్ల లోపం కూడా ఉంది. ఆ మాట ఇప్పుడే అనకు, కానీ మనసులో నిన్ను నువ్వు మరీ కోసుకోకు.

మెసేజ్ చిన్నగా రాయి. ఏమైంది, ఎప్పటి నుంచి, ఏది నడుస్తోంది, ఏది నడవట్లేదు, ఇప్పుడేం కావాలి. ఇలాంటిది సరిపోతుంది: "ఫలానా రోజు సాయంత్రం చెక్‌లిస్ట్ మార్పులు చేస్తుంటే ఎస్ఎస్‌హెచ్ సర్వీస్ ఆగిపోయింది, అప్పటి నుంచి రిమోట్ లాగిన్ లేదు. వెబ్‌సైట్ నడుస్తోంది. రాత్రి బ్యాకప్ ఆగి ఉంటుందని నా అనుమానం, దయచేసి చూడండి. తర్వాత ఫోల్డర్ పర్మిషన్లు కూడా మార్చాను, అదీ తప్పే. కారణం ఏమై ఉంటుందో తెలిసింది, సరిచేయడానికి ర్యాక్ గది తాళం, ఒక గంట టైమ్ కావాలి. అప్పుడే చెప్పాల్సింది, సారీ." క్షమాపణ ఒక్కసారి చాలు. 777 సంగతి మాత్రం దాచకు, దానికి కారణం ఉంది.

ఆ కారణం ఇది. ఆ కీలు ఇన్ని రోజులూ అందరూ చదవగలిగేలా ఉన్నాయి. ఆ మిషన్‌లో అకౌంట్ ఉన్నవాళ్లెవరైనా వాటిని కాపీ చేసుకోగలిగేవాళ్లు. అకౌంట్ ఉన్న కొద్దిమంది డెవలపర్లూ మీవాళ్లే, ఎస్ఎఫ్‌టీపీ వాళ్లని సీనియర్ తమ తమ ఫోల్డర్లకే కట్టేసి పెట్టాడు అనుకుంటే, పాత కీలతోనే కొనసాగొచ్చు, ఎవరికీ ఏ తేడా తెలియదు. అనుమానం వద్దనుకుంటే పాతవి తీసేసి "ఎస్ఎస్‌హెచ్ కీజెన్ మైనస్ ఏ", ఇది పెద్ద ఏ, కొట్టి కొత్తవి తయారుచేయొచ్చు. అప్పుడు లాగిన్ అయ్యే ప్రతివాళ్లకీ, బ్యాకప్ స్క్రిప్ట్‌కీ, క్లయింట్‌కీ "రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ ఛేంజ్డ్" అని పెద్ద హెచ్చరిక వస్తుంది, వాళ్లు తమ దగ్గరున్న పాత ఎంట్రీ తీసేసుకునే వరకు లోపలికి రాలేరు. ముందుగా చెప్పి చేస్తే అది అరగంట పని, చెప్పకుండా చేస్తే గందరగోళం. ఇది లీడ్ తేల్చాల్సిన విషయం. సెక్యూరిటీ చెక్‌లిస్ట్ నడుస్తున్న సమయం కాబట్టి కొత్త కీలే మేలని నాకనిపిస్తుంది.

పోర్ట్ గురించి కూడా ఒక మాట. 2222కి మారిస్తే లాగ్‌లో బయటి బాట్‌ల గోల తగ్గుతుంది, అంతకుమించి పెద్ద రక్షణేమీ రాదు. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీలతో మాత్రమే రానివ్వడంలోనే అసలు బలం ఉంది. అయినా క్లయింట్ అడిగాడు కాబట్టి చేయాలి. ఒక్కసారిగా 22 మూసేస్తే బ్యాకప్ స్క్రిప్ట్, డెవలపర్ల డిప్లాయ్ స్క్రిప్టులు, నెలాఖరు ఎస్ఎఫ్‌టీపీ అన్నీ ఆగుతాయి, వాటన్నిట్లో 22 అనే ఉంటుంది. పోర్ట్ 22 అని ఒక లైన్, పోర్ట్ 2222 అని ఇంకో లైన్ రాస్తే రెండిటి మీదా వింటుంది. కొన్నాళ్లు అలా ఉంచి, అందరూ మారాక పాతది తీసేయొచ్చు. ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే 2222ని ముందే అనుమతించు. లేచాక నీ ల్యాప్‌టాప్ నుంచి ప్రయత్నించినప్పుడు "కనెక్షన్ రెఫ్యూజ్డ్" వస్తే ఆ పోర్ట్ మీద ఎవరూ వినట్లేదని, చాలాసేపు వేచి చూసి "టైమ్డ్ అవుట్" వస్తే మధ్యలో ఫైర్‌వాల్ ఆపుతోందని అనుకో. చాలావరకు అవే కారణాలు. "పర్మిషన్ డినైడ్" వస్తే సంతోషించు, సర్వీస్ లేచింది, నీ కీయో యూజర్ పేరో తేడా. లాగిన్ అయ్యేదాకా ర్యాక్ దగ్గర కన్సోల్‌లోంచి లాగౌట్ అవ్వకు. రేపెప్పుడైనా ఈ సర్వర్‌ని 24.04కి మారిస్తే అక్కడ పోర్ట్‌ని ఎస్ఎస్‌హెచ్ డాట్ సాకెట్ చూసుకుంటుంది, పోర్ట్ మార్చాక డీమన్ రీలోడ్ చేసి ఆ సాకెట్‌ని కూడా రీస్టార్ట్ చేయాలి, ఇప్పటికి అది నీకు అక్కర్లేదు.

రీబూట్ మాత్రం వద్దు. తప్పు ఫైల్‌లో ఉంది, రీబూట్ చేసినా ఫైల్ అలాగే ఉంటుంది. పైగా ఆ వెబ్‌సైట్‌ని సీనియర్ సర్వీస్‌గా పెట్టాడో, ఎప్పుడో ఒక టెర్మినల్‌లో చేత్తో స్టార్ట్ చేసి వదిలేశాడో నీకు తెలియదు. రెండోదైతే రీబూట్ తర్వాత సైట్ కూడా లేవదు, అప్పుడు అందరికీ తెలుస్తుంది. ఈ ఒక్క విషయం అడగడానికి హైదరాబాద్‌లో ఉన్న ఆ సీనియర్‌కి ఫోన్ చేయి, తప్పేమీ లేదు. అతనిప్పుడు బయటి మనిషి కాబట్టి పాస్‌వర్డ్‌లు, కాన్ఫిగ్ ఫైల్ పంపకు, సైట్ ఎలా నడుస్తోందో అడిగి రాసుకో చాలు. ఫార్మాట్ అన్న మాట అసలు తలపెట్టకు, తాజా బ్యాకప్ లేని మిషన్ అది.

ఊరెళ్లాలనిపిస్తే వెళ్లు, అమ్మానాన్నలని చూసి రా. కానీ ఆ మెసేజ్ పంపి, తాళం అడిగి, పని చూసుకుని వెళ్లు. ఫోన్ ఆపేసి వెళ్తే అక్కడా నిద్ర పట్టదు.

గదిలోకి వెళ్లగానే మొదట కాన్ఫిగ్ ఫైల్‌కి తేదీతో ఒక కాపీ తీసి పెట్టుకో. తర్వాత చిన్న టీ కొట్టు. నేను చెప్పిన మూడింటిలో ఏదీ కాకుండా ఇంకేదైనా వస్తే, ఆ మొదటి మూడు లైన్లూ ఉన్నవున్నట్టు ఫోన్‌తో ఫొటో తీసి, ఐపీ అడ్రస్, కంపెనీ పేరు కనపడకుండా చేసి నాకు పంపు.